మూడేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు, మోకాళ్ళ నొప్పుల అత్తగారు: మే నెలలో వండర్లాకా, ఫిల్మ్ సిటీకా?

మీరు అడిగింది ఇదీ. సూర్యాపేట నుంచి మీరిద్దరూ, మూడేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు, మోకాళ్ళ నొప్పులున్న మీ అత్తగారు మే మూడో వారంలో కారులో హైదరాబాద్ వస్తున్నారు. వండర్లా ఆటల పార్కు మంచిదా, రామోజీ ఫిల్మ్ సిటీ మంచిదా, లేకపోతే రెండూ ఒకే రోజు చూసేయొచ్చా అని.

మాది హయత్‌నగర్ అమ్మా. ఎండాకాలం సెలవులొస్తే చాలు, విజయవాడ వైపు నుంచీ నల్గొండ వైపు నుంచీ చుట్టాలు పిల్లల్ని వెంటేసుకుని మా ఇంట్లోనే దిగుతారు, దిగిన మర్నాడే "పెద్దమ్మా, ఫిల్మ్ సిటీకి ఎప్పుడు" అని మొదలుపెడతారు. నా పిల్లలిద్దరితో మొదలుపెట్టి, చెల్లెళ్ళ పిల్లలు, ఆడపడుచుల పిల్లలు, ఇప్పుడు మనవడు, ఇలా ఈ రెండు చోట్లకీ ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క పెట్టుకోలేదు. చంకలో పిల్లతో వెళ్ళాను, మంచినీళ్ళ బాటిల్ మర్చిపోయి వెళ్ళాను, జ్వరం తగిలిన పిల్లాణ్ణి తీసుకుని తిరిగీ వచ్చాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు మీ చివరి ప్రశ్న. రెండూ ఒకే రోజు వద్దు. మ్యాప్‌లో చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది, అది నిజమే. మీరొచ్చే విజయవాడ హైవే మీదే, ఊళ్ళోకి రాకముందే ఫిల్మ్ సిటీ తగులుతుంది. అక్కడి నుంచి కాస్త ముందుకొస్తే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కొచ్చు, అది 11వ ఎగ్జిట్, వండర్లా ఉన్న రావిర్యాల 13వ ఎగ్జిట్. కారుకి అది దగ్గరే. కానీ అలసిపోయి నిద్రకి ఏడుస్తున్న మూడేళ్ళ పిల్లని మళ్ళీ లేపి, మళ్ళీ క్యూలో నిలబెట్టడం మాత్రం చేయకూడని పని. మా మరిది వాళ్ళు ఒకసారి అలాగే మొండికేశారు. రెండో చోట పిల్లలు చూసింది వాళ్ళ నాన్న భుజం తప్ప ఇంకేమీ లేదు.

ఇక ఏది అనే సంగతి. మే నెల అయితే నా ఓటు వండర్లాకి, అది కూడా సాయంత్రం నీళ్ళ కోసం. ఫిల్మ్ సిటీని డిసెంబర్‌కో జనవరికో దాచిపెట్టుకోండి, అదీ మంగళవారమో బుధవారమో చూసుకుని. చలికాలంలో స్కూలు పిల్లల బస్సులు చాలా వస్తాయి, అయినా మే నెల ఎండ కంటే ఆ సందడి నయం. ఫిల్మ్ సిటీ మొదలైంది 1996లో, ప్రపంచంలోనే అతి పెద్ద సినిమా స్టూడియోగా గిన్నిస్ బుక్కులో ఉంది, వెయ్యి ఎకరాల పైన జాగా. అంటే ఎంత బస్సుల్లో తిప్పినా, దిగినచోటల్లా నడవాల్సిందే. ఆ ఎర్ర బస్సులు పిల్లలకి ప్రాణం. కిటికీలు తెరిచి ఉంటాయి, గాలి తగులుతుంది, డిసెంబర్‌లో హాయిగా ఉంటుంది. మే మధ్యాహ్నం అదే కిటికీలోంచి వచ్చేది వడగాలి. బాహుబలి సెట్ దగ్గర నీడ తక్కువ. మీ అత్తగారి మోకాళ్ళకి ఆ మెట్లు, ఆ నడక, పైన ఆ ఎండ, మూడూ ఒకేసారి పెట్టకండి.

"అయితే వండర్లాలో ఆవిడకి ఏముంటుంది" అంటారేమో. నిజమే, ఆవిడ రైడ్స్ ఎక్కరు. కానీ నీళ్ళ దగ్గర నీడలో కూర్చుని మనవణ్ణి చూస్తూ ఉండొచ్చు, మీ బ్యాగు ఆవిడ దగ్గరుంటుంది, మీరిద్దరూ చేతులు ఖాళీగా పిల్లలతో ఉంటారు. పెద్ద వయసు వాళ్ళకి టికెట్ ధర తగ్గుతుంది, ఆవిడ ఆధార్ కార్డు మర్చిపోవద్దు. ఆవిడ కూర్చునే చోటు ముందే ఖాయం చేసుకుని, "ఏం జరిగినా అందరం ఇక్కడికే రావాలి" అని బాబుకి కూడా చూపించండి. ఆవిణ్ణి ప్రతి రైడ్ దగ్గరికీ నడిపించకండి.

ఇప్పుడు అసలు విషయం, ఎత్తు. చాలామంది వయసు లెక్క వేసుకుని వస్తారు. ఈ పార్కుల్లో లెక్క వయసుది కాదు, ఎత్తుది. వండర్లాలో 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకి టికెట్ లేదు, 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్, ఆ పైన పెద్దల టికెట్. మూడేళ్ళ పాప మామూలుగా 95 దగ్గర ఉంటుంది, ఆరేళ్ళ బాబు 115 అటూ ఇటూ. కాబట్టి ఇద్దరికీ టికెట్ పడుతుంది, పెద్ద రైడ్స్‌కి మాత్రం ఇద్దరి ఎత్తూ చాలదు. తలకిందులుగా తిప్పే రీకాయిల్ లాంటి రోలర్ కోస్టర్ల సంగతి మీ బాబుకి ఇప్పుడు చెప్పకండి, వీడియోలు అసలు చూపించకండి. మామూలు ఎదుగుదల ఉన్న పిల్లలకి 140 రావడానికి పదేళ్ళు దాటుతుంది.

ఈ ఎత్తు నియమం ఎందుకో తెలిస్తే గేటు దగ్గర గొడవ పడబుద్ధి కాదు. రైడ్‌లో ఒంటి మీదకి దిగే ఇనుప కమ్మీ ఒక సైజు ఒంటికి లెక్కగట్టి చేసింది. చిన్నపిల్లలకి తొడ సన్నం, కాళ్ళు కింద ఆనవు, ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ, మెడ ఇంకా గట్టిపడి ఉండదు. బండి ఒక్కసారిగా ఊపితే ఆ కమ్మీ కింద నుంచి జారిపోవచ్చు. అమ్మ ఒళ్ళో పెట్టుకున్నా ఆ ఊపులో చేతులు ఆపలేవు. లావు సోల్ బూట్లు వేయించి, మునివేళ్ళ మీద నిలబెట్టి ఎక్కించే తల్లిదండ్రుల్ని నేను కళ్ళారా చూశాను. దయచేసి ఆ పని మాత్రం చేయకండి.

ఇదంతా ఒక పార్కులో నాకు ఎదురైన దాంతో నేర్చుకున్నాను. మా చెల్లెలి కొడుకు, అప్పుడు వాడికి ఏడో ఏడు. ముప్పావుగంట క్యూలో నిలబడ్డాడు, మంచినీళ్ళకి కూడా పక్కకి రాలేదు, "పెద్దమ్మా ఇంకా పదకొండు మందే" అని లెక్కపెట్టుకుంటూ. ముందుకెళ్ళాక అక్కడ పసుపు గీత గీసిన బద్ద ఉంది. వాడు వీపు ఆనించి, గెడ్డం పైకెత్తి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. రెండు వేళ్ళు తక్కువ. అక్కడ ఎత్తు చూసే అబ్బాయి మంచిగానే చెప్పాడు, "వచ్చే సంవత్సరం రా తమ్ముడూ" అని. వాడు ఏడవలేదు. తల మీద ఒకసారి చెయ్యి పెట్టుకుని, ఆ చెయ్యి అలాగే గీత దాకా జరిపి చూసుకున్నాడు. ఆ రోజంతా వాడు ఇంక దేన్నీ ఇష్టంగా ఎక్కలేదు. తప్పు నాది, ముందే కొలవాల్సింది. అప్పటి నుంచీ మా ఇంట్లో ఏ పిల్లలొచ్చినా వెళ్ళే ముందు రోజు రాత్రి వంటింటి గుమ్మం దగ్గర చెప్పుల్లేకుండా నిలబెట్టి, తల మీద పుస్తకం ఆనించి, పెన్సిల్‌తో గీత గీసి టేపుతో కొలుస్తాను. ఆ కొలత బట్టి ఏవి ఎక్కొచ్చో ముందే పిల్లలకి చెప్పేస్తాను. "నీకు ఇవి ఉన్నాయి" అని నాలుగు పేర్లు చెబితే, లేనివాటి గొడవ ఉండదు.

రోజు ఎలా గడపాలి అన్నారు. ఒక్క మాట ముందు చెబుతాను, ఇదే నేను అందరితోనూ పోట్లాడే మాట. "ఇంత పెట్టి టికెట్ కొన్నాం, అన్నీ ఎక్కాలి, మూసేదాకా ఉండాలి" అనే ఆలోచన గేటు బయటే వదిలేయండి. టికెట్ డబ్బు మీరు కొన్న క్షణమే అయిపోయింది. ఇక ఆ రోజు నడిచేది మీ పాప నిద్రతో, మీ పాప ఆకలితో. ఇంట్లో అందరికన్నా చిన్నది ఎంత ఓపిక పడితే ఆ రోజు అంత. మూడేళ్ళ పిల్లకి ఆ ఓపిక మూడు గంటలు, మధ్యలో నిద్రపోతే ఇంకో రెండున్నర.

వండర్లా మామూలు రోజుల్లో పదకొండింటికి తెరుస్తారు, సెలవుల్లో వేళలు మారతాయి, ముందు రోజు వాళ్ళ సైట్‌లో చూసుకోండి. టికెట్ కూడా అక్కడే కొనుక్కుంటే ఎండలో కౌంటర్ దగ్గర నిలబడే బాధ ఉండదు. శని ఆదివారాలు వద్దే వద్దు. సూర్యాపేటలో ఎనిమిదిన్నరకి టిఫిన్ పెట్టి బయల్దేరండి, పూరీలు కాదు, ఇడ్లీయో ఉప్మానో, నూనె తిండి తిని రైడ్ ఎక్కితే కక్కుతారు. లోపలికి వెళ్ళగానే పొడి రైడ్స్, అంటే పిల్లల కోసం ఉన్న గుర్రాల చక్రం, చిన్న చిన్న బళ్ళు లాంటివి. పన్నెండున్నర దాకా. పాప ఒకే గుర్రం మీద నాలుగు సార్లు తిరుగుతానంటే తిరగనివ్వండి, అది టైం వేస్ట్ కాదు. ఒంటిగంటకి భోజనం, ఆ తర్వాత ఏసీ ఉన్న చోటో గట్టి నీడలోనో కూర్చుని పాపని పడుకోబెట్టండి. మీ అత్తగారి చీర కొంగు కప్పి ఒళ్ళో పడుకోబెడితే నలభై నిమిషాలైనా పడుకుంటుంది. ఆ సమయంలో బాబుని వాళ్ళ నాన్న తీసుకెళ్ళి తిప్పుతారు. వాడికి నాన్నతో ఒంటరిగా తిరగడం చాలా ఇష్టంగా ఉంటుంది, చెల్లి లేకుండా. మూడింటికి ఎండ తిరుగుతుంది, అప్పుడు నీళ్ళలోకి దిగండి.

నీళ్ళలోకి కాటన్ బట్టలు రానివ్వరు. నైలాన్ లాంటి ఈత బట్టలే ఉండాలి, పెద్దవాళ్ళకి కూడా. చీర, కాటన్ చుడీదార్ కుదరవు. నీళ్ళు పీల్చుకుని బరువెక్కుతాయి, జారుడు బల్లల్లో చిక్కుకుంటాయి, వాటి పోగులు ఊడి నీళ్ళ ఫిల్టర్లలో పడతాయి. అక్కడ అమ్ముతారు గానీ ఊళ్ళోనే తీరిగ్గా కొనుక్కోండి, బాబుకీ పాపకీ పొడుగు చేతులవి తీసుకుంటే భుజాలు కాలవు. పాపకి ఇంకా డైపర్ అలవాటు ఉంటే మామూలు డైపర్‌తో దింపొద్దు, అది నీళ్ళు తాగి కుండలా ఉబ్బుతుంది. ఈత డైపర్లు వేరే దొరుకుతాయి.

పాపకి మోకాలి లోతు పిల్లల కొలను చాలు. అలల కొలను దగ్గరికి తీసుకెళ్ళినా ఒడ్డు దగ్గర, పాదాలు తడిసేంత వరకే, అదీ చెయ్యి పట్టుకుని. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, మునిగిపోయే పిల్ల కేకలు వేయదు. సినిమాల్లో చూపించినట్టు చేతులు ఊపదు. నోరు నీటి మట్టానికి వచ్చి, తల వెనక్కి వాలి, నిశ్శబ్దంగా కిందికి పోతుంది, పక్కన ఉన్నవాళ్ళకి ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది. అందుకే చెయ్యి చాపితే అందేంత దూరంలో ఒక పెద్దవాళ్ళు ఉండాలి, ఆ పెద్దవాళ్ళ చేతిలో ఫోన్ ఉండకూడదు. గాలి ఊదిన ట్యూబులూ, చేతులకి తగిలించే బుడగలూ ఆటవస్తువులే, కాపాడవు. "నువ్వు చూస్తున్నావనుకున్నా" అనే మాట రాకుండా, ఎవరి వంతు అయితే వాళ్ళు పైకి చెప్పుకోండి. మా ఇంట్లో "పాప నీది" అంటాం, అవతలివాళ్ళు "నాది" అనాలి, అప్పుడే మేం కళ్ళు పక్కకి తిప్పుతాం. ఒడ్డున ఈలలు వేసే లైఫ్‌గార్డ్ కుర్రాళ్ళు ఉంటారు, మంచివాళ్ళే, కానీ వాళ్ళు చూడాల్సింది వందల మందిని.

ఎండ గురించి. మేలో నలభై దాటుతుంది. నీళ్ళలో ఉన్నారు కదా దాహం వేయదులే అనుకోవద్దు, నీళ్ళలో ఆడినా చెమట పోతూనే ఉంటుంది, కాకపోతే తెలియదు. అరగంటకోసారి నాలుగు గుక్కలు తాగించండి, అడిగితే "వద్దు" అంటారు, అందుకే అడక్కండి, గ్లాసు నోటికి అందించండి. ఉచ్చ పోసి ఎంతసేపైందో, రంగు ముదురుగా ఉందో లేదో చూస్తూ ఉండండి. పిల్ల మందకొడిగా అయిపోయినా, ఒళ్ళు కాలుతున్నా, వాంతి చేసుకున్నా వెంటనే నీడకి తెచ్చి, బట్టలు వదులు చేసి, తడిబట్టతో తుడుస్తూ అక్కడి ఫస్ట్ ఎయిడ్ గదికి తీసుకెళ్ళండి. పిలిస్తే సరిగ్గా పలక్కపోతే ఇంకేం ఆలోచించకుండా 108.

ఓఆర్ఎస్ పొడి రెండు ప్యాకెట్లు మీ బ్యాగులో ఉండాలి. ప్యాకెట్ వెనక డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి, లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు అని రాసి ఉంటుంది. టెట్రా ప్యాక్ పండ్ల రుచి డ్రింకులు ఓఆర్ఎస్ అని నమ్మి చాలా ఏళ్ళు మనమంతా పిల్లలకి తాగించాం, వాటిలో చక్కెర చాలా ఎక్కువ, విరేచనాలు పట్టుకున్న పిల్లలకి అది ఇంకా చెరుపు. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ, అలాంటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడకూడదని ఆదేశమిచ్చింది. ఆ వార్త విన్న రోజు నాకు నిజంగా కళ్ళనీళ్ళొచ్చాయి. ఇంకో సంగతి, పొడి ఎంత నీళ్ళలో కలపాలో ప్యాకెట్ మీద ఉంటుంది, పెద్దది లీటరుకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి. లీటరు పొడిని గ్లాసులో కలిపి ఇచ్చేవాళ్ళు ఉన్నారు, అది ప్రమాదం.

పిల్లలు తప్పిపోవడం. ఇది రాయడానికి ఇప్పటికీ నాకు చెయ్యి ఆడదు. ఒక పార్కులో సాయంత్రం ఊరేగింపు చూస్తున్నాం, డప్పులు, రంగుల బట్టలు, జనం అటు తోసుకున్నారు. మా ఆడపడుచు కూతురు, నాలుగేళ్ళది, నా వేలు పట్టుకునే ఉంది, రుమాలు తీసుకోవడానికి వేలు విడిపించుకున్నాను. అంతే. తల తిప్పేసరికి లేదు. ఏడు నిమిషాలు వెతికాం. దాని ముంజేతి మీద పొద్దున్నే బాల్‌పెన్నుతో నా నంబర్ రాశాను, దాని మీద పారదర్శకంగా ఉండే టేపు అంటించాను నీళ్ళకి పోకుండా. ఎవరో ఒక తల్లి, తన ఇద్దరు పిల్లల్నీ పట్టుకుని నిలబడి, ఆ నంబర్‌కి ఫోన్ చేసింది. వెళ్ళేసరికి ఇది ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఏడుపు లేకుండా నిలబడి ఉంది, ఎందుకంటే "తప్పిపోతే కదలకు, పిల్లలున్న అమ్మ దగ్గరికి వెళ్ళు" అని మా ఆడపడుచు దానికి ఆటలా నేర్పింది.

కాబట్టి మీరూ నంబర్ రాయండి. గేటు దగ్గర దిగగానే ఇద్దరినీ నిలబెట్టి ఆ రోజు వేసుకున్న బట్టలతో ఫోటో తీయండి, కంగారులో "ఏ రంగు గౌను" అంటే తల్లికి కూడా గుర్తురాదు. బాబుకి మీ పూర్తి పేరూ, ఫోన్ నంబరూ నోటికి వచ్చేలా ఈ రెండు వారాల్లో నేర్పించండి, ఆరేళ్ళ వాడికి వస్తుంది. అమ్మ పేరు అడిగితే "అమ్మ" అంటాడు, అందుకని పేరే చెప్పించండి. యూనిఫాం వేసుకున్నవాళ్ళు ఎవరో లోపలికి వెళ్ళగానే చూపించండి. మీకు కనపడకపోతే ఐదు నిమిషాలు మీలో మీరు వెతకడం కాదు, వెంటనే సిబ్బందికి చెప్పండి, గేట్ల దగ్గరికి వైర్‌లెస్‌లో కబురు పోతుంది.

తిండి లోపలికి రానివ్వరు, పసిపిల్లల తిండి తప్ప. మీ పాప ఏం తింటుందో చిన్న డబ్బాలో పెట్టి గేటు దగ్గర చెప్పి తీసుకెళ్ళండి. బయట కారులో పెరుగన్నం వద్దు, ఆ ఎండకి పులిసిపోతుంది. పులిహోర, అరటిపళ్ళు, చేగోడీలు పెట్టుకోండి, తిరిగి వెళ్ళేటప్పుడు పనికొస్తాయి. రెండు జతల పొడి బట్టలు, పాత తువ్వాలు, తడిబట్టలకి ప్లాస్టిక్ కవరు, పాప నిద్రకి పట్టుకునే బొమ్మో దుప్పటి ముక్కో ఏదైతే అది.

డిసెంబర్‌లో ఫిల్మ్ సిటీకి వస్తే ఇవన్నీ గుర్తుంచుకుంటూనే ఇంకో రెండు. అక్కడ పొద్దున తొమ్మిదింటికే తెరుస్తారు కాబట్టి పాప తాజాగా ఉన్నప్పుడే ఫండుస్తాన్‌కి వెళ్ళండి, అది పిల్లల కోసమే కట్టింది. స్టూడియో బస్సు తర్వాత ఎక్కండి, అది కూర్చుని చూసేది, మీ అత్తగారికి కూడా నచ్చుతుంది, పాప ఒళ్ళో పడుకున్నా ఫరవాలేదు. బోరాసుర మాత్రం పాపకి వద్దు. చీకటి, వింత బొమ్మలు, అరుపులు. పెద్దవాళ్ళు నవ్వుకుంటారు గానీ మూడేళ్ళ వాళ్ళకి అది బొమ్మో నిజమో తెలియదు, తర్వాత వారం రోజులు రాత్రిళ్ళు లేచి కూర్చుంటారు. బాబు వెళ్తానంటే వాళ్ళ నాన్నతో వెళ్ళనివ్వండి, గుమ్మం దగ్గర జంకితే "ఏం మగాడివిరా" అని తోయొద్దు, ఆ మాట పిల్లల్ని చాలా నొప్పిస్తుంది. వైల్డ్ వెస్ట్ స్టంట్ షోలో పేలుళ్ళ చప్పుడు గట్టిగా ఉంటుంది, వెనక వరసలో కూర్చుని పాప చెవులు మూయండి. పక్షుల పార్కు, సీతాకోకచిలుకల తోట మాత్రం తప్పించకండి, మా మనవడు ఆ రోజు చూసినవాటిలో ఇప్పటికీ చెప్పేది బస్సు ఎర్రగా ఉందనీ, చిలుక తనని చూసిందనీ.

ఇంటికి వెళ్ళేటప్పుడు సూర్యాపేట దాకా రెండు గంటల పైనే పడుతుంది. మీ వారు కూడా రోజంతా ఎండలో, నీళ్ళలో ఉండి ఉంటారు, పిల్లలు పడుకోగానే కారులో అందరికీ కునుకు వస్తుంది. ఐదున్నరకల్లా బయటపడండి, పిల్లల్ని కడిగి పొడిబట్టలు వేసి, పులిహోర తినిపించి, ఒక టీ తాగి అప్పుడు హైవే ఎక్కండి. ఏమాత్రం నిద్ర అనిపించినా చౌటుప్పల్ దగ్గర ఆగండి, హోటళ్ళు ఉన్నాయి.

ఈ రోజు రాత్రే ఇద్దర్నీ గుమ్మం దగ్గర నిలబెట్టి కొలవండి. ఎంత వచ్చిందో ఇక్కడే రాయండి, ఇద్దరికీ ఏవి కుదురుతాయో నాకు తెలిసినంత చెబుతాను.